చిల్లర్ మార్చే ముందు

ఆసుపత్రులు, హోటళ్లు, పెద్ద ఆఫీసుల్లో గదులకు చల్లదనం చాలా చోట్ల చిల్లర్ నుంచే వస్తుంది. అది 7 డిగ్రీలకు చల్లార్చిన నీరు పైపుల్లో అంతస్తులకు వెళ్లి, గాలిని చల్లబరిచి గదులకు పంపే ఏహెచ్‌యూల కాయిళ్లలో గాలి వేడిని లాక్కుని 12 డిగ్రీల దగ్గర తిరిగొస్తుంది. ఒక టన్ను చల్లదనం అంటే 3.5 కిలోవాట్ల వేడిని తీసేయడం. ఆ 5 డిగ్రీల తేడాతో దానికి నిమిషానికి 10 లీటర్ల నీరు తిరగాలి.

ఈ యంత్రాలు 20 ఏళ్లు, బాగా చూసుకుంటే ఇంకాస్త ఎక్కువ పనిచేస్తాయి. ఎస్. రాయవరం మండలంలోని రేవుపోలవరం నుంచి విశాఖ దాకా సాగే తీరంలో మాత్రం అంత కాలం నిలవడం కష్టం. ఎయిర్ కూల్డ్ చిల్లర్ కండెన్సర్‌లోని అల్యూమినియం రెక్కలను ఉప్పుగాలి తినేస్తుంది. తీరంలో పెట్టే కొత్త యంత్రానికి తుప్పు పట్టని పూత వేయించడం ఖర్చు తగ్గించుకోవలసిన చోటు కానే కాదు. వాటర్ కూల్డ్ రకానికి ఇబ్బంది వేరు. గాలిలో తేమ పెరిగిన కొద్దీ కూలింగ్ టవర్ పని మందగిస్తుంది. గాలి తడిబల్బు ఉష్ణోగ్రత (తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు చూపేది) కన్నా కిందికి అది నీటిని చల్లార్చలేదు. ఉప్పునీటి బోరు మీద నడిచే టవరైతే కండెన్సర్ ట్యూబుల్లో గార కూడా పేరుకుంటుంది.

పాతది 300 టన్నులు కాబట్టి కొత్తదీ 300 టన్నులే అని ఆర్డరు పెట్టడం ఈ పనిలో అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు. భవనంలో దీపాలు ఎల్‌ఈడీలుగా మారి ఉండవచ్చు, ఒక అంతస్తు ఖాళీ అయి ఉండవచ్చు. ఒక వేసవి పొడవునా నీటి ప్రవాహం, ఉష్ణోగ్రతలు, కరెంటు రాసిపెట్టుకుంటేనే అసలు లోడు తెలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ గంటలు చిల్లర్ సగం లోడు మీదే నడుస్తుంది గనుక, ఒక పెద్ద యంత్రం కన్నా వేర్వేరు సైజుల్లో రెండు ఉండటం మేలు. ఒకటి ఆగినా ఆసుపత్రి ఆగదు.

పాత రెసిప్రొకేటింగ్ చిల్లర్ టన్నుకు ఒక కిలోవాట్ తీసుకుంటే, మంచి సెంట్రిఫ్యూగల్‌కు 0.6 సరిపోతుంది. సగటున 200 టన్నుల లోడుతో ఏడాదికి 3,000 గంటలు నడిస్తే మిగిలేది 2.4 లక్షల యూనిట్లు. పంపులకు వేగాన్ని మార్చే వీఎఫ్‌డీ పెడితే ఆదా ఇంకా పెరుగుతుంది. నీరు తిరుగుతూ ఉండే వ్యవస్థలో పంపు వేగాన్ని 80 శాతానికి తగ్గిస్తే కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది.

పాత యంత్రంలో ఆర్-22 వాయువు ఉంటే దాన్ని గాలిలోకి వదలకుండా సిలిండర్లలోకి తీసి అప్పగించాలి. అది ఓజోన్ పొరను దెబ్బతీస్తుంది. మన దేశంలో 2025 జనవరి 1 నుంచి ఆ కోవ వాయువులతో కొత్త యంత్రాల తయారీ నిషిద్ధం. ఆర్-134ఎ లాంటి వాయువులు ఓజోన్‌కు హాని చేయకపోయినా భూమిని వేడెక్కిస్తాయి. భారత్ 2021లో ఆమోదించిన కిగాలీ సవరణ ప్రకారం 2032 నుంచి వాటినీ తగ్గించుకుంటూ పోవాలి. ఇవాళ కొనే చిల్లర్ అప్పటికీ నడుస్తూనే ఉంటుంది.

మార్పిడికి అనువైన కాలం డిసెంబరు, జనవరి. అప్పుడు లోడు తక్కువ. ఆసుపత్రైతే ఆ కొద్ది వారాలకూ అద్దె చిల్లర్ తెచ్చుకోక తప్పదు. పాత పైపుల్లో తుప్పు, మడ్డి పోయేదాకా కడిగాకే కొత్త యంత్రాన్ని కలపాలి. లేకపోతే ఆ మడ్డంతా కొత్త ట్యూబుల్లో చేరుతుంది. చివరగా టన్నుకు ఎన్ని కిలోవాట్లు తీసుకుంటున్నదో కొలిచాకే బిల్లు చెల్లించాలి. 5 డిగ్రీల తేడాను కొలవడంలో అర డిగ్రీ తప్పు దొర్లితే లెక్క 10 శాతం తారుమారవుతుంది. కాబట్టి ముందు సెన్సార్లను సరిచూసుకోవాలి.