మాయ మీద మోపిన నేరం

గర్భకాల మధుమేహం ఎందుకు వస్తుందని అడిగితే పాఠ్యపుస్తకాలూ, పత్రికల ఆరోగ్య శీర్షికలూ సాధారణంగా చెప్పే సమాధానం ఒక్కటే: జరాయువు స్రవించే హార్మోన్లు ఇన్సులిన్‌కు అడ్డుపడతాయి, అందువల్ల రక్తంలో చక్కెర పెరుగుతుంది. పరీక్షలో ఇలా రాస్తే మీకు మార్కులు పడతాయి. ఇందులో అబద్ధమూ లేదు. కానీ ఒక్క ప్రశ్న వేసి చూడండి. జరాయువు, అంటే మన ఇళ్లలో 'మాయ' అనేది, గర్భిణులందరిలోనూ ఉంటుంది. ఆ హార్మోన్లూ అందరిలోనూ ఊరతాయి. మరి మధుమేహం అందరికీ రాదేం?

నెలలు నిండేకొద్దీ తల్లి శరీరంలో ఇన్సులిన్ ప్రభావం దాదాపు సగానికి పడిపోతుంది. ఇది జబ్బు కాదు, ఏర్పాటు. తల్లి కండరాలు గ్లూకోజును తక్కువగా వాడుకుంటే కడుపులోని బిడ్డకు ఎక్కువ మిగులుతుంది. జరాయువు తయారుచేసే పెరుగుదల హార్మోనుకు ఇందులో పెద్ద పాత్ర ఉంది. మన పుస్తకాల కథ ఇక్కడితో ఆగిపోతుంది.

అసలు కథ క్లోమంలో ఉంది. ప్రోలాక్టిన్, జరాయు లాక్టోజెన్ అనే హార్మోన్లు లాంగర్‌హాన్స్ పుటికల్లోని బీటా కణాలను చేరి, పెరగమనీ, ఇన్సులిన్ ఎక్కువ చేయమనీ ప్రేరేపిస్తాయి. ఒక చేత్తో అడ్డుపడే మాయే రెండో చేత్తో సాయం పంపుతున్నదన్నమాట! మామూలుగా మెనిన్ అనే ప్రోటీన్ బీటా కణాల విభజనకు కళ్లెం వేస్తుంది. గర్భంతో ఉన్న ఎలుకల్లో ఈ కళ్లెం సడలుతుందనీ, సడలకుండా చేస్తే వాటికి గర్భకాల మధుమేహం వస్తుందనీ 2007లో తేలింది. 2010లో మరో వింత బయటపడింది. ఆ ఎలుకల పుటికలు సెరటోనిన్‌ను విపరీతంగా తయారుచేస్తాయి; దాని సంకేతాన్ని అడ్డుకుంటే బీటా కణాలు పెరగవు. మెదడుకు సంబంధించిన పాఠంలో మీరు చదివే సెరటోనినే ఇది.

ఇంత చక్కని ప్రయోగాలు చూసి, మనుషుల్లోనూ అంతేనని రాసేసేవారున్నారు. అదీ తొందరపాటే. ఎలుక గర్భం సుమారు 20 రోజులు, మనిషిది 40 వారాలు. పైగా బతికున్న గర్భిణి క్లోమాన్ని కోసి చూడలేం కదా! గర్భంతో ఉండగా మరణించిన 18 మంది స్త్రీల క్లోమాలను పరిశీలించిన 2010 నాటి అధ్యయనంలో బీటా కణాల వాటా సుమారు 1.4 రెట్లు మాత్రమే పెరిగింది. అదీ ఉన్న కణాలు విభజన చెందినందువల్ల కాదు, కొత్తగా చిన్న చిన్న పుటికలు ఏర్పడినందువల్ల అన్నట్టు కనిపించింది. దారి వేరైనా, క్లోమం అదనపు భారాన్ని మోయాలన్న విషయం మాత్రం రెండింటికీ ఒకటే. మోయలేని క్లోమం ఉన్నచోట చక్కెర పెరుగుతుంది. ఆ బలహీనత చాలామందిలో గర్భానికి ముందునుంచే ఉంటుంది.

ఈ సగం కథవల్ల నష్టం ఇళ్లలో జరుగుతుంది. 'మామిడిపళ్లు మానలేదు, అందుకే వచ్చింది' అని కోడలిని దెప్పేవారు కొందరు. తిండిని అదుపులో పెట్టడం అవసరమే. అంతమాత్రాన ఆమె క్లోమం శక్తికి ఆమెను దోషిని చేయడం ఏం న్యాయం? 'గర్భంతో వచ్చింది, కాన్పుతో పోతుంది' అని నిశ్చింతగా ఉండేవారు మరికొందరు. మాయ బయటపడ్డాక చక్కెర చాలామందిలో నిజంగానే దిగిపోతుంది. క్లోమం మాత్రం పాతదే! అనేక అధ్యయనాలను కలిపి చూసిన 2009 నాటి విశ్లేషణ ప్రకారం, వీరికి తరువాతి కాలంలో రెండో రకం మధుమేహం వచ్చే అవకాశం ఇతర తల్లులకంటే కనీసం ఏడు రెట్లు ఎక్కువ.

అందుకే మన దేశ మార్గదర్శకాలు గర్భిణికి 75 గ్రాముల గ్లూకోజుతో చేసే పరీక్షతో ఆగవు. మధుమేహం బయటపడినవారికి కాన్పయిన ఆరు వారాలకు మళ్లీ పరీక్ష చేయాలంటాయి. అప్పటికి ఇంట్లో అందరి ధ్యాసా బిడ్డ టీకాలమీదే ఉంటుంది.