బిల్లు ఎవరికి వెయ్యాలి?

2015లో వచ్చిన ‘సైజ్ జీరో’ మొన్న మళ్లీ చూశాను. దర్శకుడు ప్రకాష్ కోవెలమూడి. బొద్దుపిల్ల పాత్ర కోసం అనుష్క నిజంగానే ఒళ్లు పెంచింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ తెగువకి దణ్ణం పెట్టాల్సిందే.

ఇట్టే చిక్కిస్తానని డబ్బు గుంజే ఆసామి ప్రకాష్ రాజ్. ఆ వైద్యంతో స్నేహితురాలు ఆసుపత్రి పాలైతే కథానాయిక తిరగబడుతుంది. బాగానే ఉంది. కానీ దొంగ దొరికాడు కదా అని సినిమా చేతులు దులిపేసుకుంది. నా పేచీ అక్కడే.

ఆ దొంగ గుమ్మందాకా ఆడపిల్లల్ని తోలేదెవరండీ? పెళ్లిచూపులు! తల్లిగా ఊర్వశి పడే బెంగ మొదట్లో ఎంత చక్కగా చూపించారు! చివరికొచ్చేసరికి ఆ ఊసే వెనకబడిపోయింది.

డాక్టరు సలహాకి డబ్బిస్తే తప్పనను. మా రాజమండ్రిలో మా పెద్దమ్మ మనవరాలు మాత్రం ఒళ్లు తగ్గించే చోటొకదానికి ముప్ఫై వేలు కట్టింది. ఆరు కిలోలు తగ్గింది. సంబంధం కుదరలేదు. ఆర్నెల్లకి కిలోలు తిరిగొచ్చాయి, డబ్బు రాలేదు. పిల్ల అద్దం చూసుకోవడం మానేసింది.

ఇంతకీ ఆ ముప్ఫై వేలు దేనికి? “పిల్ల కాస్త లావేమో” అని అంతకుముందు చూసెళ్లిన ఒకావిడ అన్న మాటకి. ఆ మాట అన్నప్పుడు ఆవిడ ఆత్రేయపురం పూతరేకులు నాలుగు తినేసి, అయిదోదానికి చెయ్యి చాస్తోంది.

ఆవిడకి బిల్లేసే సీను ఒక్కటుంటే, చెప్పొద్దూ, ఆ రోజుల్లోనే రెండోసారి టిక్కెట్టు కొందును.