ఇల్లు యార్డులో ఉన్న రోజులు

కారు చెడిపోతే దాన్ని షెడ్డులో వదిలి, ఏదో ఒక బండెక్కి ఇంటికి వచ్చేస్తాం. చెడిపోయింది ఇల్లే అయితే ఎక్కడికి వెళ్లాలి? అమెరికాలో మోటార్‌హోమ్, అంటే ఇల్లులా అమర్చిన ఆర్‌వీ బండి, వేసుకుని తిరిగేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న ఎదురవుతుంది. ఉద్యోగాల నుంచి రిటైరయ్యాక నేనూ మావారూ ఇలా తిరగడం మొదలుపెట్టాం. చూసిన కొండలు, ఎడారుల గురించి రాయాల్సింది చాలానే ఉంది. ఈ వారం మాత్రం మరమ్మతు కోసం కాచుకుని కూర్చోవడం గురించి రాస్తాను. ఆర్‌వీ ప్రయాణంలో అదీ ఒక భాగం, అదీ ఒక విద్య.

ఈ బండి బాగుపడటానికి అంత కాలం ఎందుకు పడుతుందో ముందు చెప్పాలి. మోటార్‌హోమ్ మొత్తాన్ని ఒకే కంపెనీ చేయదు. పెట్రోలుతో నడిచే పెద్ద బండ్లలో చాలావాటికి చాసిస్, ఇంజిన్ ఫోర్డ్‌వి. డీజిల్ బండ్లలో ఫ్రైట్‌లైనర్ చాసిస్ ఎక్కువ కనిపిస్తుంది. దానిమీద గోడలు, కప్పు, మంచాలు, వంటగట్టు బిగించేది మరొకరు. ఫ్రిజ్ ఒకరిది, జనరేటర్ ఇంకొకరిది, గది వెడల్పు కావడానికి గోడను బయటికి జరిపే స్లయిడ్ యంత్రం వేరొకరిది. ఎన్ని కంపెనీలో అన్ని వారంటీ కాగితాలు. ఇంజిన్ మొరాయిస్తే లారీలు బాగుచేసే చోటికి పోవాలి, కప్పు కారితే ఆర్‌వీ డీలర్ దగ్గరికి పోవాలి. మామూలు కారు షెడ్డులో ఇంత ఎత్తు బండి దూరదు. పైగా ఈ ఇల్లు హైవే మీద గంటకు 60 మైళ్ల వేగంతో ఊగుతూ పోతుంది. స్క్రూలు వదులవుతాయి. కప్పు అంచుల్లో సీలెంట్ నెర్రెలిస్తుంది, అందులోంచి దిగిన వాన నీరు లోపలి చెక్కను ఎవరి కంటా పడకుండా నానబెడుతుంది.

కోవిడ్ కాలంలో జనం విమానాలకూ హోటళ్లకూ భయపడి ఆర్‌వీలు కొన్నారు. 2021లో ఫ్యాక్టరీల నుంచి 6 లక్షలకు పైగా బండ్లు బయటికి వచ్చాయి. అంతకు ముందెన్నడూ అన్ని రాలేదు. వాటిని బాగుచేసే చేతులు మాత్రం ఆ లెక్కన పెరగలేదు. ఇండియానా రాష్ట్రంలోని ఎల్‌కార్ట్ చుట్టుపక్కలే ఈ దేశపు ఆర్‌వీలలో అత్యధిక భాగం తయారవుతాయి. టెక్నీషియన్లకు శిక్షణ ఇచ్చే సంస్థను కూడా పరిశ్రమ అక్కడే పెట్టుకుంది. ఆ శిక్షణ ఫలితం ఊరూరా ఉన్న యార్డులకు చేరడానికి ఇంకా కాలం పడుతుంది.

మా స్లయిడ్ టెక్సస్‌లో ఒక చిన్న ఊరి క్యాంపుగ్రౌండులో బయటికి వచ్చి, ఇక లోపలికి పోనంది. స్లయిడ్ బయట ఉండగా బండి రోడ్డెక్కకూడదు. దానికి రెండు పక్కలా రెండు మోటార్లుంటాయి. రెండూ జతగా తిరగాలి, ఒకటి వెనకబడితే గోడ వంకరపోయి బిగుసుకుంటుంది. పక్క సైటులో ఉన్న పెద్దాయన తన పనిముట్ల పెట్టె తెచ్చి, మోటార్ల పట్టు ఎలా వదిలించాలో మావారికి చూపించాడు. నలుగురు కలిసి గోడను భుజాలతో లోపలికి నెట్టారు. ఆ పెద్దాయన డబ్బు సంగతి ఎత్తనివ్వలేదు. స్లయిడ్ మూసుకుంటే మంచం సగం పోతుంది, ఫ్రిజ్ తలుపు బెత్తెడే తెరుచుకుంటుంది. అలాగే దగ్గరలోని డీలర్ యార్డుకు చేరాం.

వారంటీ పని ఎలా నడుస్తుందో అక్కడ తెలిసింది. డీలర్ ఫొటోలు తీసి కంపెనీకి పంపాలి. కంపెనీ సరేననాలి. అప్పుడు మోటారుకు ఆర్డరు పెట్టాలి. అది వచ్చాక మన వంతు రావాలి. తీరా బిగించే పని ఒక్క పూటలో అయిపోతుంది, దానికోసం వారాలు ఆగాలి. ఆ జాప్యాన్ని నేను ఓర్చుకోగలిగాను. ఓర్చుకోలేనిది మరొకటి ఉంది. సాయంత్రం గేటు మూశాక బండిలో ఎవరూ ఉండకూడదన్నారు. ఇన్సూరెన్స్ ఒప్పుకోదట. చాలా యార్డుల్లో ఇదే నియమం. కావలసినవి తీసుకోవడానికి పది నిమిషాలిచ్చారు. మావారి ఇన్సులిన్ పెన్నులు, కళ్లద్దాలు, రెండు జతల బట్టలు, రైస్ కుక్కర్, ఆవకాయ సీసా పట్టుకుని దిగాను. మోటెల్ గదిలో అన్నం వండుకుని తిన్నాం. మర్నాడు యార్డు పక్కగా నడిచి వెళ్తూ కంచె అవతల నా వంటగది కిటికీ చూశాను. నా ఇంట్లోకి వెళ్లడానికి నేను ఇంకొకరి అనుమతి అడగాలి.

మాకు ఊళ్లో అసలిల్లు ఒకటుంది. అది లేనివాళ్ల సంగతి ఆలోచించండి. ఉన్న ఇల్లు అమ్మేసి ఏడాది పొడవునా ఆర్‌వీలోనే ఉండేవాళ్లు ఈ దేశంలో చాలామంది. వాళ్లలో ఎందరికో ఉత్తరాలు టెక్సస్‌లోని లివింగ్‌స్టన్‌కో, సౌత్ డకోటాకో పోతాయి, అక్కడి నుంచి వీళ్లున్న చోటికి పంపిస్తారు. కాగితం మీద చిరునామా అది, తల దాచుకునేది బండిలో. వాళ్లకు ఆ గేటు మూతపడితే రోడ్డున పడ్డట్టే.

ఇంకో పద్ధతిని కూడా నేను చూశాను. అలబామాలో, మిసిసిపీ సరిహద్దు పక్కన, రెడ్ బే అనే చిన్న ఊరుంది. బాబ్ టిఫిన్ 1972లో మొదలుపెట్టిన మోటార్‌హోమ్ కంపెనీది ఆ ఊరే. మా బండి వాళ్లది కాకపోయినా ఆ ఊరు చూడాలని ఆగాం. సర్వీస్ సెంటర్ పక్కనే క్యాంపుగ్రౌండు కట్టారు. కరెంటు, నీళ్లు ఉంటాయి. పొద్దున బండి షెడ్డులోకి వెళ్తుంది, పని అయినంతవరకు అయి సాయంత్రం తన చోటికి తిరిగొస్తుంది. వంతు రావడానికి అక్కడా వారాలు పడుతుంది. కానీ ఎవరి పక్క మీద వాళ్లు నిద్రపోతారు, ఎవరి పొయ్యి మీద వాళ్లు వండుకుంటారు. పగలు బండి షెడ్డులో ఉన్నంతసేపూ కుక్కలను తిప్పుకుంటూ, ఒకరి బండి జబ్బు ఒకరికి చెప్పుకుంటూ కూర్చుంటారు. ఎవరి మొహంలోనూ ఇల్లు పోయిన దిగులు నాకు కనబడలేదు. సౌత్ కరోలినాలోని గాఫ్నీలో ఫ్రైట్‌లైనర్ చాసిస్ ఫ్యాక్టరీ వాళ్లూ వచ్చిన బండ్లకు కరెంటు ఇచ్చి అక్కడే పడుకోనిస్తారు. యజమానులకు తమ చాసిస్ సంగతులు నేర్పే తరగతులు కూడా పెడతారు.

బండ్లమ్మే ప్రతి డీలరూ యార్డులో ఒక మూల నాలుగు సైట్లు, వాటికి కరెంటు ప్లగ్గులు, ఒక నీటి కొళాయి పెట్టగలడని నా నమ్మకం. ఇన్సూరెన్స్ అడ్డమంటే దానికి తగ్గ పాలసీ తీసుకోవాలి. మోటార్‌హోమ్‌ను ఇల్లని చెప్పి అమ్మినవాళ్లు, బాగుచేసేటప్పుడూ దాన్ని ఇల్లుగానే చూడాలి. అంతవరకూ చిన్న పనులకు మేం క్యాంపుగ్రౌండుకే వచ్చి చేసిపెట్టే మొబైల్ టెక్నీషియన్‌ను పిలుస్తున్నాం. రాకపోకలకు అదనంగా తీసుకుంటాడు, ఇవ్వదగిన డబ్బే. అతను పనిచేస్తుంటే మావారు పక్కనే నిలబడి చూసి, ఏ వైరు ఎక్కడికి పోతుందో నోట్‌బుక్కులో రాసుకుంటారు. సీజన్ మారినప్పుడల్లా నిచ్చెన వేసుకుని కప్పు అంచులన్నీ వేలితో తడిమి చూస్తారు.

వేసవిలో అమ్మానాన్నలను ఇండియా నుంచి పిలిపించి, అద్దె ఆర్‌వీలో ఎల్లోస్టోన్ చూపించే తెలుగు కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. వాళ్లకు నా మాట ఒకటే. అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టేముందు, బండి దారిలో ఆగితే రాత్రి బసకు డబ్బు ఎవరిస్తారో అడిగి రాయించుకోండి. పెద్దవాళ్ల మందులు, పాస్‌పోర్టులు, ఒక పూట బట్టలు విడిగా ఒక చేతిసంచిలో సర్ది, తలుపు పక్కనే ఉంచండి.