ఉప్పుప్పగా...

ఈమధ్య ఒక అనువాద నవల చదివాను. పేరెందుకు లెండి! దారి తప్పి, దాహంతో సొమ్మసిల్లబోతున్న కథానాయకుడికి ఒక నీటిగుంట కనిపిస్తుంది. అందులోని ఉప్పునీళ్ళు కడుపారా తాగి ప్రాణం నిలుపుకుంటాడు. చదువుతున్నదాన్ని ఆగిపోయాను. ఉప్పునీళ్ళు తాగితే దాహం పెరగాలి గాని తీరడమేమిటి? ఇంగ్లీషు పుస్తకం తీసి చూస్తే అక్కడున్న మాట 'బ్రాకిష్'. అనువాదకుడు చివరనున్న 'ఇష్'ని మింగేశాడన్నమాట.

ఈ మాటకున్న అందమంతా ఆ 'ఇష్'లోనే వుంది. 'బ్రాక్' అంటే ఉప్పన. డచ్చి భాషలోనూ ఆ మాట వుంది. 'ఇష్' చేరితే కాస్త ఉప్పన అని. లీటరు సముద్రపు నీళ్ళలో దాదాపు 35 గ్రాముల ఉప్పు, అంటే సుమారు ఆరు చిన్న చెంచాలు, వుంటుంది. మంచినీళ్ళలో అర గ్రాము లోపే. శాస్త్రజ్ఞులు అర గ్రాము నుంచి 30 గ్రాముల దాకా వున్న నీళ్ళన్నిటినీ బ్రాకిష్ అంటారు. కథానాయకుడు తాగింది ఆ మొదటి అంచున వున్న నీళ్ళయితే బతికి బయటపడతాడు. ఇంకోమాట. ఇది నీళ్ళకి చెప్పే మాట. పులుసులో ఉప్పెక్కువైతే బ్రాకిష్ అనరు, సాల్టీ అంటారు.

అయితే తప్పంతా అనువాదకుడిదేనా? మన లెక్కలో నీళ్ళు రెండే రకాలు: మంచినీళ్ళు, ఉప్పునీళ్ళు. సముద్రంలోవి ఉప్పునీళ్ళే, దొడ్లో బావివీ ఉప్పునీళ్ళే. సబ్బు నురగ రాకపోయినా, కందిపప్పు ఉడక్కపోయినా నింద ఉప్పు మీదికే పోతుంది. నిజానికి ఆ పాపం కాల్షియం, మెగ్నీషియాలది. పాఠ్యపుస్తకాల్లో దాన్ని కఠినజలం అంటారు. ఇంట్లో మాట్లాడుకోవడానికి ఈ రెండు రకాలూ చాలు. అచ్చులో చాలవు.

పత్రికల్లో చూడండి. పులికాట్ లాంటి సరస్సులోనూ, ఏరు సముద్రంలో కలిసే చోటా వుండేవి ఈ నడిమి రకం నీళ్ళు. పండుగప్ప చేప, టైగర్ రొయ్య వాటిలో హాయిగా పెరుగుతాయి. వీటి పెంపకం మీద పరిశోధనకి 1987లో మద్రాసులో కేంద్ర సంస్థ ఒకటి పెట్టారు. దాని ఇంగ్లీషు పేరులోనే 'బ్రాకిష్ వాటర్' వుంది. తెలుగులో రాసేటప్పటికి అదీ ఉప్పునీరే, సముద్రమూ ఉప్పునీరే!

ఇంతకంటే పెద్ద చిక్కు తాగే నీళ్ళతో. ఫలానా వూళ్ళో బావులు ఉప్పునీళ్ళయ్యాయని వార్త వస్తే, ఇక ఆ నీళ్ళెవరూ నోట పెట్టరనుకుంటాం. ఉప్పు కషాయమైతే ఎలాగూ ఉమ్మేస్తారు. కొంచెం ఉప్పనైతేనే నాలుక నాలుగు రోజుల్లో అలవాటు పడిపోతుంది. మన దేశపు ప్రమాణాల ప్రకారం తాగే నీటిలో కరిగిన లవణాలు లీటరుకి 500 మిల్లీగ్రాములు మించకూడదు. మరో దారి లేనప్పుడు 2,000 దాకా సరిపెట్టుకోవచ్చు. రక్తపోటున్న అత్తగారికి డాక్టరు ఉప్పు తగ్గించమంటే కూరలో తగ్గిస్తాం. బిందెలో వున్న ఉప్పుని ఎవరు లెక్కపెడతారు? దానికి విడిగా ఒక పేరంటూ వుంటే గదా, లెక్కలోకి వచ్చేది!

పేరు కోసం పండితుల దగ్గరికి పోనక్కర్లేదు. మజ్జిగ పుల్లపుల్లగా వుందంటాం, చారు ఉప్పుప్పగా వుందంటాం. 'బ్రాకిష్'కి ఇంతకంటే దగ్గరి మాట నాకు కనబడలేదు. ఉప్పుప్పని నీళ్ళు! మన వంటింట్లో రోజూ వినబడే మాట నిఘంటువు తిరగేసేవారి చెవిన పడకపోవడమే విచిత్రం.