బుచ్చిలక్ష్మి రేపు ఎక్కడుంటుంది?

‘మిథునం’ చూసి కళ్లు తుడుచుకోని ఇల్లాలు అరుదు. నేనూ తుడుచుకున్నాను. శ్రీరమణగారి కథను తనికెళ్ల భరణిగారు 2012లో సినిమాగా తీశారు. తెరమీద ఉండేది ఇద్దరే: బాలసుబ్రహ్మణ్యంగారి అప్పదాసు, లక్ష్మిగారి బుచ్చిలక్ష్మి. పిల్లలు విదేశాల్లో. పెరడు, పాడి, తిండి, తీపి తగాదాలు... ముసలితనం ఇంత రుచిగా ఉంటుందా అనిపిస్తుంది.

మొన్న సూళ్లూరుపేటలో మా పెద్దమ్మ పక్కన కూర్చుని మళ్లీ చూశాను. పెదనాన్న పోయి ఏడాదయింది. కోయంబత్తూరులో యాభై అయిదు దాటినవాళ్లకే ఇళ్లిచ్చే కాలనీ ఒకటుందని అన్నయ్య కాగితాలు పంపాడు. ఆవిడ ఎటూ తేల్చుకోలేకుండా ఉంది. సినిమా అయ్యాక ఒక్కటే అడిగింది.

“రేపట్నించి ఆయమ్మ ఎవురికి వండుద్దే?”

నా దగ్గర జవాబు లేదు. కథ దగ్గరా లేదు. తను లేకపోతే ఆయన బతకలేడని, ఆయనే ముందు పోవాలని కోరుకుంటుంది బుచ్చిలక్ష్మి. గొప్ప మాటే. కానీ కథ ముగిసేచోటే ఆవిడ ఒంటరి వృద్ధాప్యం మొదలవుతుంది. జంట కథ జంటతోనే ఆగితే అది లోపమనను. దాన్ని మనం అందరి బతుక్కీ కొలబద్ద చేసుకోవడమే పొరపాటు.

ఈడువాళ్లతో విడిగా బతకడం మన పద్ధతి కాదంటూ ఈ సినిమానే సాక్ష్యం తెస్తారు కొందరు. ఆ ఇంట్లో మాత్రం పసిపిల్లల అలికిడి ఎక్కడుంది? అదీ ఇద్దరు పెద్దవాళ్ల కాలనీయే కదా! తేడా ఒక్కటే. అక్కడ పొయ్యి, గరిటె ఆవిడవి. కాలనీలో అందరికీ కలిపి ఒకే వంటశాల. గరిటె అధికారమనుకుంటే అది నష్టం, చాకిరీ అనుకుంటే విముక్తి. ఏదని బుచ్చిలక్ష్మిని ఎవరూ అడగలేదు. ఆయన కోరడం, ఈవిడ వండడం, మనం మురిసిపోవడం!

పెద్దమ్మ ఆ కాగితాలను సినిమాకన్నా శ్రద్ధగా చదివింది. ఇల్లు సొంతమా, బతికున్నంతకాలం ఉండే హక్కేనా? తర్వాత డబ్బు ఎవరికి? మంచాన పడితే చూసేదెవరు? మనవరాలొస్తే ఎన్నాళ్లుండనిస్తారు? ఇలాంటి ఇళ్లకు కేంద్రం 2019లో మార్గదర్శకాలిచ్చింది. అవి నమూనాలే సుమా, సంతకం పెట్టేముందు ఒప్పందం చదువుకోవలసింది మనమే.

చివరికి ఇల్లు అమ్మలేదు. తాళాలు నాకిచ్చి, రెండు నెలలు అద్దెకుండి చూస్తానని బయల్దేరింది.

“శ్రీహరికోటలో రాకెట్టు లేస్తే మన కిటికీలు గలగలమంటాయి గదా. ఆడ ఆ చప్పుడుండదు” అంది రైలెక్కుతూ.

ఉండిపోతుందో, తిరిగొస్తుందో ఆవిడిష్టం. బుచ్చిలక్ష్మిని కూడా ఎవరైనా ఆ ఇష్టమేదో అడిగి ఉంటే ఎంత బావుండేది!