వేలి కొసంత మందు

నా చేతులకు ఎగ్జిమా ఉంది. రేగినప్పుడు స్టెరాయిడ్ ఆయింట్‌మెంటు రాసుకుంటాను, నిర్భయంగానే. చూపుడువేలి కొస నుంచి మొదటి గీత దాకా ట్యూబు పిండితే దాదాపు అర గ్రాము. వేళ్లతో సహా రెండు అరచేతులంత చర్మానికి చాలు. 1991లో బ్రిటన్ డాక్టర్లు పెట్టిన కొలత ఇది. డాక్టరు చెప్పినన్ని రోజులు పలచగా రాసి, పొడిబారకుండా వాజలీను పూసుకుంటే గోకుడు తగ్గి రాత్రి నిద్ర పడుతుంది. 1950లో ఈ స్టెరాయిడ్ల కోవకే చెందిన కార్టిజోన్ మీద పరిశోధనకు నోబెల్ ఊరికే ఇచ్చారా!

మా నెల్లూరు తీరంలో చిక్కు వేరే. మైపాడు మొదలు ఇసకపల్లి దాకా రొయ్యల గుంటల్లో పనిచేసేవాళ్లకు పొద్దస్తమానం తడి లుంగీ, చెమట. గజ్జల్లో తామర అనే ఫంగస్ పట్టడానికి ఇంకేం కావాలి? సిగ్గుపడి డాక్టరు దగ్గరికి పోరు. మందుల షాపులో "అన్నా, దురద ట్యూబు ఒకటియ్యి" అంటారు. చేతికొచ్చేది చాలాసార్లు క్లోబెటాసాల్, జెంటామైసిన్, మైకోనజోల్ కలిపిన ట్యూబు. ఫంగస్ మందు ఉందిగా అనిపిస్తుంది. కానీ క్లోబెటాసాల్ పైపూత స్టెరాయిడ్లలో అన్నిటికన్నా ఘాటైన తరగతిది. ఫంగస్ మీద ఒళ్లు చేసే పోరునే అది అణిచేస్తుంది. ఎరుపు, దురద పోతాయి, తామర మాత్రం తాపీగా పాకుతుంటుంది. ట్యూబు ఆపితే మళ్లీ భగ్గుమంటుంది, మళ్లీ ట్యూబు. కొన్నాళ్లకు మచ్చ అంచు చెరిగిపోయి, ఉంగరంలో ఉంగరం లేస్తుంది. తొడల లోపలి చర్మం పలచబడి, కాన్పయిన పొట్ట మీదుండేలాంటి చారలు పడతాయి. అవి ఇక పోవు. తెల్లబడాలని మొహానికి రాసేవాళ్ల సంగతి చెప్పాలంటే ఇంకో కాలమ్ కావాలి.

2018లో కేంద్రం ఇలాంటి స్టెరాయిడ్ పూతలను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. చీటీ అడిగే షాపు ఎక్కడుందో నాకైతే కనపడలేదు. నిజానికి చర్మం డాక్టరు చేసేది చిన్న పనే: మచ్చ అంచును బ్లేడుతో కాస్త గీకి, ఆ పొట్టు మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపులో చూస్తే ఫంగస్ పోగులు కనపడతాయి. అప్పుడు స్టెరాయిడ్ లేని మందు రాస్తాడు, దురద పోయాక కూడా కొన్ని వారాలు వాడమంటాడు.

ఇంకో విడ్డూరం ఉంది. రక్తం వచ్చేలా గోక్కునే ఎగ్జిమా పాపకు డాక్టరు తేలికపాటి హైడ్రోకార్టిజోన్ రాసిస్తే, "స్టెరాయిడా, వద్దు బాబోయ్" అని తల్లీతండ్రీ ట్యూబు మూత తియ్యరు. అదే ఇంట్లో ఆ తండ్రి తామరకు ఏడాదిగా క్లోబెటాసాల్ పూస్తుంటాడు, దాన్ని దురద మందనుకుని.