ఒత్తుల్ని విప్పి పేర్చే లిబ్‌లూయీ

‘అమ్మ’ అన్న మాటను కంప్యూటర్ దాచుకునే వరుస ఇది: అ, మ, పొల్లు, మ. బ్రెయిలీలో అది చెల్లదు. అక్కడ పొల్లు, అంటే నాలుగో చుక్క, హల్లు కంటే ముందే రావాలి. ఒత్తు కిందికి దిగడం, గుడి నెత్తికెక్కడం అనేవి ఆ లిపిలో లేవు. గుడి వచ్చే చోట ఇకారమే వస్తుంది. అచ్చులో ఒక్క అక్షరమంత చోటులో ఇమిడే ‘స్త్రీ’ని పొల్లు, స, పొల్లు, త, ర, ఈ అని ఆరు గడుల్లో వేలితో తడుముకుంటూ చదవాలి. క్ష, జ్ఞలకు మాత్రం సొంత గడులున్నాయి కనుక వాటిని విప్పకూడదు.

ఈ సర్దుబాటంతా చేసిపెట్టే ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్‌లూయీ. లూయీ బ్రెయిల్ పేరే పెట్టుకుంది. 2002లో అమెరికాలో దీన్ని మొదలుపెట్టిన జాన్ బోయర్‌కు చూపూ లేదు, వినికిడీ లేదు. తెరమీది రాతను చదివిపెట్టే ఎన్‌వీడీఏ, ఓర్కా వంటి స్క్రీన్ రీడర్లు బ్రెయిలీ చూపేటప్పుడు లోపల పనిచేసేది ఇదే.

ఇందులో నన్ను కట్టిపడేసింది పట్టికల ఏర్పాటు. ఇంజను సీ భాషలో ఉంటుంది. ఏ భాష సంగతులూ దానికి తెలియవు. అవన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్లలో వరుసకొక నియమంగా ఉంటాయి. ‘క’ ఎదురుగా 13 అని ఉంటే పదమూడు కాదు, ఒకటో చుక్క, మూడో చుక్క. తెలుగుకూ అలాంటి పట్టిక ఉంది. ప్రోగ్రామింగ్ ముక్క రాకపోయినా, బ్రెయిలీ బాగా తెలిసిన పంతులుగారు దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి తప్పెక్కడుందో చెప్పగలరు.

ఇంగ్లిషు పట్టిక చూస్తే ఓపికంటే ఏమిటో తెలుస్తుంది. కుదింపు బ్రెయిలీలో ఎస్, హెచ్ జంటకు ఒకే గడి. ‘షిప్’కు అది సరిపోతుంది. ‘మిస్‌హ్యాప్’లో ఆ రెండూ చెరో ముక్కకు చెందినవి, కలిపితే చదివేవారు తడబడతారు. ఇలాంటి మాటలు ఏ సూత్రానికీ లొంగవు. ఎవరో కూర్చుని వాటికి విడిగా నియమాలు రాయాల్సిందే.

పట్టికలో లేని అక్షరం ఎదురైతే లిబ్‌లూయీ దాన్ని గుట్టుగా మింగేయదు, దాని యూనికోడ్ సంఖ్యను చుక్కల్లో చూపిస్తుంది. చదవడానికి చిరాకే, కానీ ఏదో తప్పిపోయిందని పాఠకుడికి తెలుస్తుంది. స్కానింగులో ‘ప’ కాస్తా ‘వ’ అయి వస్తే మాత్రం అది ‘వ’నే ఇస్తుంది. అచ్చుతప్పులు దిద్దడం దాని పని కాదు.

అన్నిటికన్నా సూక్ష్మమైన పనితనం మరొకటుంది. అనువదించేటప్పుడే ఏ గడి ఏ అక్షరం నుంచి వచ్చిందో లిబ్‌లూయీ లెక్క రాసుకుంటుంది. వరుసలు తారుమారైనా, రెండక్షరాలు ఒకే గడిలోకి వచ్చినా ఆ లెక్క చెడదు. అందుకే చుక్కలను వేలికి తగిలేలా లేపే బ్రెయిలీ డిస్‌ప్లేపై గడి దగ్గరున్న మీట నొక్కితే, తెరమీద కర్సర్ సరిగ్గా ఆ అక్షరం దగ్గరికే వెళ్తుంది. తప్పు దిద్దుకోవడానికి పక్కనున్నవారిని పిలవక్కర్లేదు.